శాలువాల ఆదివారం

ఆ ఏడు మా సంఘ వార్షికోత్సవానికి పెట్టుకున్న అంశం, సంఘానికి శిరస్సు క్రీస్తేనని. అంశం దగ్గర ఎవరికీ అభ్యంతరం రాలేదు. ఫ్లెక్సీలో ఎవరి ఫోటో ఎక్కడుండాలన్న దగ్గరే వారాల తరబడి తెగలేదు.

దిల్‌సుఖ్‌నగర్‌లో షాపుల పైన కిరాయి గదిలో కూడుకునే చిన్న సంఘం మాది. నేను కార్యదర్శిని. గుంటూరు నుంచి వచ్చి స్థిరపడిన ఒక పెద్దాయన కోశాధికారి. ఫోన్లో ఫ్లెక్సీ నమూనా చూసి ముఖం చిట్లించాడు.

"నన్నా మూలకి నెట్టారేంటండీ? ఇన్ని తలకాయల్లో మా ఆవిడ కూడా గుర్తుపట్టదు."

"చోటు లేదండీ. ఎవరిది తీసేయమంటారు?"

"ఎవరిదీ వద్దు. పైన ఆ అంశం అంత పెద్ద అక్షరాల్లో ఎందుకు? అందరికీ తెలిసిందేగా."

విసుగొచ్చింది. అయినా ఫ్లెక్సీ షాపుకి ఫోన్ చేసి, క్రీస్తు పేరున్న ఆ వరుసను చిన్నది చేసి కిందికి దింపమన్నాను. పాస్టరుగారి పక్కనున్న నా ఫోటోను తగ్గించమని మాత్రం నా నోట రాలేదు.

ఆ వారమే, ఎల్బీనగర్‌లో జాకెట్లు కుట్టుకునే ఒక సహోదరి నా దగ్గరికి వచ్చింది. నల్గొండ పల్లె నుంచి వచ్చిన కుటుంబం. ఆ ఇంట్లోంచి ప్రార్థనకు వచ్చేది ఆమె ఒక్కతే.

"అన్నా, మా ఆయన గీ ఐతారం ఒస్తడంట. ఆయన మనసుకు వడితే నన్ను రానిస్తడు. లేకుంటే ఇగ బంద్ అన్నడు. జర మంచిగ జూసుకో."

"నేను చూసుకుంటాలే అమ్మా," అన్నాను ధీమాగా.

ఆ ఆదివారమే వార్షికోత్సవం, ఎల్బీనగర్‌లో ఫంక్షన్ హాలు. మైకు నా చేతిలో. ఆటో నడిపే ఆమె భర్త ఖాకీ చొక్కాతోనే వచ్చి వెనక వరుసలో కూర్చున్నాడు. పాటలయ్యాక సన్మానాలు మొదలుపెట్టాను. వచ్చిన ప్రతి అతిథికీ శాలువా కప్పాలి, దండ వేయాలి, ఫోటో తీయాలి. ఒకరికి తక్కువైతే మరుసటి ఆదివారం నుంచి వాళ్ళు రారు. మధ్యలో శాలువాలు అయిపోయాయి. ముందు కప్పినవాటిలో ఒకటి కోశాధికారి మెల్లగా లాగి, మడతపెట్టి నాకందించాడు. దాన్నే ఇంకొకరికి కప్పి చప్పట్లు కొట్టించాను.

ఈలోగా హాలు మేనేజరు తలుపు దగ్గర నిలబడి చేతి గడియారం చూపించాడు. మధ్యాహ్నం అక్కడ నిశ్చితార్థం ఉంది. పాస్టరుగారు బైబిలు తెరవగానే, త్వరగా ముగించమని సైగ చేశాను. ఆయన నన్నొకసారి చూసి, బైబిలు మూసి, ప్రార్థన చేసి దిగిపోయారు.

భోజనాల దగ్గర ఆ భర్త నన్ను పట్టుకున్నాడు.

"అన్నా, మా ఇంటామె పొద్దాక యేసయ్య ముచ్చటే జెప్తది. గది ఇందామని గిరాకీ ఇడిసిపెట్టి వచ్చిన. మీరేమో శాలువాలు కప్పుడే సరిపాయె. గీనికంటే మా సర్పంచ్ మీటింగ్ నయం, జల్ది బువ్వన్న వెడ్తరు."

తినకుండానే వెళ్ళిపోయాడు. ఆమె చేతిలోని ప్లేటు అక్కడే పెట్టి, నా వైపు చూడకుండా అతని వెనకే నడిచింది.

తర్వాత ఆదివారాలు ఆమె రాలేదు. కోశాధికారిని తిట్టుకున్నాను, మేనేజరును తిట్టుకున్నాను, ఈ సన్మానాల పిచ్చినీ తిట్టుకున్నాను. మైకు పట్టుకున్నది నేనే కదా అన్న ఆలోచన వచ్చినప్పుడల్లా దాన్ని పక్కకు నెట్టాను. చివరికి నా మీద నాకే చిరాకెత్తి వాళ్ళింటికి వెళ్ళాను.

అతను వాకిట్లో ఆటో తుడుస్తున్నాడు. "రా అన్నా. శాలువా తెచ్చినవా?"

"తప్పు నాది. దానికి ఆమెను ఆపకు."

"తప్పు సంగతి ఇడిసిపెట్టు. గాయన ముచ్చట ఇప్పుడు జెప్పు, నేను ఇంట."

లోపల కుట్టుమిషను చప్పుడు ఆగింది. గొంతు సవరించుకున్నాను. "మా పాస్టరుగారు మొదట్లో ఈ సంఘాన్ని..."

"మళ్ల పాస్టరేనా?"

ఎంతమందికో పరిచయవాక్యాలు చెప్పిన నోరు నాది. ఎవరి గురించైనా గుక్కతిప్పుకోకుండా మాట్లాడగలను. రక్షకుడి గురించి అడిగితే వాక్యం కుదరడం లేదు. కాసేపటికి అన్నాను, "చనిపోబోయే ముందు ఆయన తన శిష్యుల కాళ్ళు కడిగాడు."

"ఎవలు? దేవుడా?"

"దేవుడే. నడుముకు తువ్వాలు చుట్టుకుని, కింద కూర్చుని."

"ఆల్లు ఊకున్నరా?"

"ఒకాయన వద్దన్నాడు. అయినా వినలేదు. కాసేపట్లో తనను పట్టించబోయేవాడు కూడా ఆ వరుసలోనే ఉన్నాడు."

"గది తెలిసి కూడ కడిగిండా?"

"తెలిసే కడిగాడు."

అతను తుడవడం ఆపాడు. తర్వాత గడప వైపు తిరిగి కేకేశాడు.

"ఓయ్, ఛాయ్ వెట్టు. అన్న ఇప్పుడే అసలు ముచ్చట షురూ జేసిండు. ఐతారం సంగతి గిది అయినంక జూద్దం."