రొట్టె కావాలి, కరుణ వద్దు

ఇబ్రహీంపట్నం బస్టాండు వెనక సందులో కరుణ తెలియనివాళ్లు లేరు. పొద్దున్నే ఇంజినీరింగు పిల్లలకు చపాతీలు, ఆలుగడ్డ కూర అమ్మే మనిషి. నెలకోసారి లూథరన్ గుడిలో ప్రభువు బల్ల మీద పెట్టి, క్రీస్తు శరీరమని అందరికీ పంచే రొట్టె కూడా ఆమె చేతిదే. పులియని పిండి, ఉప్పు కూడా వేయదు. అత్త బతికినన్నాళ్లూ అత్త చేసింది. ఆమె పోయాక ఆ పని కరుణకు వచ్చింది.

ఆ చేతినే కిందటేడు మొగుడు సతీశ్ తాగొచ్చి మెలిపెట్టి విరిచాడు. దవాఖానలో కట్టు కట్టారు గానీ ఎముక వంకరగా అతుక్కుంది. కరుణ కట్టుతోనే ఠాణాకు పోయి కేసు పెట్టింది, వచ్చి ఇంటి తాళం మార్చేసింది. మంచి పని చేసిందని సందులో ఆడవాళ్లంతా లోలోపల అనుకున్నారు. పైకి అన్న మొనగత్తె ఒక్కతీ లేదు.

పైకి నోరు తెరిచింది గుడి సంఘం పెద్ద బాలరాజ్, అదీ తప్పుపట్టడానికే. "ఇంట్ల ముచ్చట ఠాణాల పెట్టినవ్. కేసు వాపస్ తీస్కో, మొగునితోని సమాధానపడు. అందాక నీకు బల్ల లేదు." అంటే గుడికి రావచ్చు, రొట్టె మాత్రం ఇవ్వరు.

సతీశ్‌కు మాత్రం ఉందట! అందరితో కలిసి మోకరించి పాపాల ఒప్పుకోలు చదివాడు కాబట్టి అతని లెక్క తీరిపోయిందట. గుంపులో పెదాలు కదిపితే చేయి విరిచిన పాపం పోతుందా?

ఇంకా మండే సంగతి వినండి. బల్ల లేదన్న నోటితోనే బాలరాజ్ ప్రతి నెలా ఫోను చేసేవాడు, "రొట్టె మర్వకమ్మా" అని. ఇంకొకతె అయితే పిండి తెచ్చి మొహాన కొట్టేది. కరుణ మాత్రం రొట్టె చేసి ఇచ్చేది. ఎందుకు చేస్తున్నావని ఎవరో అడిగితే, "రొట్టె బాలరాజ్‌ది గాదు" అంది. పక్క తలుపులోంచి ఇచ్చేసి, చివరి వరసలో కూర్చుని, తాను చేసిన రొట్టెను సతీశ్ నములుతుంటే పళ్లు నూరుకునేది.

ఎండాకాలంలో బదిలీ మీద కొత్త పాస్టరమ్మ వచ్చింది, ఉమారాణి. పాస్టరు భార్య అనుకునేరు, ఆమే పాస్టరు. ఆమె నడిపే మొదటి బల్లకు ముందు, శనివారం సిద్ధపాటు కూడిక పెట్టారు. ఆ రోజు కరుణ పక్క తలుపుకు పోలేదు. రొట్టె మూటతో ఎదురు తలుపులోంచే వచ్చి నడిమధ్య నిలబడింది.

"ఏందమ్మా, తొవ్వ మర్శినవా?" అన్నాడు బాలరాజ్.

"మర్వలే పెద్దన్న. నా చెయ్యి మీకు పనికొస్తది, నోరు పనికిరాదా? నేను తిననిది ఆడ పెట్టనియ్య."

"కొత్త పాస్టరమ్మ ముంగట లొల్లి ఏందే?" అని సతీశ్ గొణిగాడు. "ఇంటికాడ మాట్లాడుకుందం."

"ఏ ఇంటికాడ? నీకు ఇల్లేడిది?"

పక్కింటి సక్కుబాయి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కిసుక్కున నవ్వింది.

ఉమారాణి బాలరాజ్‌ను అడిగి సంగతంతా తెలుసుకుంది. "ఇద్దరు సమాధానపడాలంటే ఒకల్నే ఎట్ల ఆపినవ్ అన్నా?"

"ఆమె కోపం ఇడుస్తలేదు గద."

"ఇడువ!" కరుణ గొంతు గుడంతా మోగింది. "కేసు గూడ వాపస్ తీస్కోను. మంచిదాన్నయి రమ్మంటే నాతోని గాదు పాస్టరమ్మా. నేను బాగ లేను. లోపల మొత్తం ఇరిగున్న." ఆ మాట అంత గట్టిగా అనాలని ఆమె అనుకోలేదు. అనేశాక అక్కడే నేల మీద కూర్చుండిపోయింది. ఇక పాస్టరమ్మ కూడా క్షమించు, సర్దుకో అంటుందనుకుంది.

పాస్టరమ్మ వచ్చి పక్కన నేల మీదే కూర్చుంది. "బాగున్నోళ్లకే అయితే ఈ బల్ల ఎందుకక్కా? రేపు గిట్లనే రా. కోపం తోనే రా. కేసు సంగతి కోర్టు చూస్కుంటది." తరవాత తల తిప్పింది. "సతీశ్, నువ్వు రేపు ఆగు. ముందుగాల నాతోని కూసొని మాట్లాడు. ఒక్కనివే."



ఆదివారం కరుణ ముందుకు పోయి మోకరించింది. చివరి వరసలో కూర్చున్నన్నాళ్లూ, రొట్టె పంచేటప్పుడు చదివే "మీ కొరకు" అన్న మాట ఎవరికో చెబుతున్నట్టే వినబడేది. పాస్టరమ్మ వంగి, "ఇది నీ కోసం, కరుణక్కా" అంది. దవాఖానలో కూడా రాని ఏడుపు తన్నుకొచ్చింది. పక్కన మోకరించిన సక్కుబాయి, ఏడాదిగా నోరు మెదపని సక్కుబాయి, ఆమె వంకర చేతి మీద తన చేయి వేసి తీయలేదు. "ఆ రోజు నేను అడ్డం రావాల్సుండె బిడ్డా" అంది, గుడంతా వినేట్టు.

కోపం తగ్గిందా అంటే లేదు. దానికి తోడు ఆకలి కూడా వేసింది, ఎన్నాళ్లకో. బయట బాలరాజ్ ఎదురొచ్చి నవ్వబోతే, చెప్పులు వేసుకుంటూనే అంది:

"పెద్దన్నా, వచ్చే నెల పిండి నువ్వు పిసుకు. నేను పక్కన కూసొని చెప్త."