ఎండుద్రాక్షలో బూజు

సింగపూర్‌లో, వన్-నార్త్‌ ప్రాంతంలోని మా చిన్న ల్యాబ్‌లో నాకు పని నేర్పింది ఒక కడప అక్క. తీపి వైన్ తయారీకి వచ్చే ఎండుద్రాక్షలో బూజు విషం ఉందేమో మేం పరీక్షించేవాళ్ళం. ఆమె ఒక్కో పండునూ చీల్చి, వెలుతురుకు పట్టి చూసేది. "పైకి బాగుండేదాన్నే నమ్మగూడదబ్బీ" అనేది.

ఒకసారి ఒక సరుకులో విషం హద్దు దాటింది. అక్క మూడుసార్లు పరీక్ష చేసినా అదే ఫలితం. మంచి పండ్లు మాత్రమే ఏరి మళ్ళీ చేసి, సరుకు బాగుందని సంతకం పెట్టమన్నాడు బాస్. ఆమె ఈ దేశంలో ఉండి పనిచేయడానికి కావలసిన వర్క్ పాస్ అతని చేతిలో ఉంది. కూతురు ఆ ఏడాదే ఓ-లెవెల్స్, అంటే ఇక్కడి పదో తరగతి లాంటి పరీక్షలు, రాయాలి.

రెండు రోజులు అక్క సరిగా అన్నం తినలేదు. "సంతకం పెడితే ఆ విషం జనం తాగుతారు. పెట్టకపోతే బిడ్డ చదువు ఆగిపోతాది. యాడికి పోవాల అబ్బీ?" అంది.

మూడో రోజు ఆమె ఉన్నదున్నట్టు రాసి సంతకం పెట్టింది. బాస్ ఆ కాగితం చించేసి, ఏరిన పండ్లు నాకిచ్చాడు. వాటిలో విషం తక్కువే వచ్చింది. నా పాస్ కూడా అతని చేతిలోనే ఉంది. అక్క చూస్తుండగానే నేను సంతకం పెట్టాను.

నెల తిరక్కుండా పాస్ రద్దై, అక్క కూతుర్ని తీసుకుని కడప వెళ్ళిపోయింది. నేనింకా ఆ ల్యాబ్‌లోనే ఉన్నాను.