మొదటి బస్సుకి మల్లెలు

గోగు విత్తనాల మూట అప్పటికే కూర్మయ్య ఇంటి వసారాలోకి వచ్చి కూర్చుంది. తొలకరి పడగానే చల్లడానికి నేల కావాలి. ఆ నేలలో తమ్ముడు అప్పలసూరి వేసిన మల్లెతోట ఉంది. తమ్ముడు లేడు.

భోగాపురం దగ్గర పెద్ద రోడ్డుకి ఆనుకుని ఉన్న ఇసక నేల అది. చోళ్ళు వేస్తే చోళ్ళు, గోగు వేస్తే గోగు. అప్పలసూరి ఎక్కడో చూసొచ్చి, అంటుమొక్కలు మోసుకొచ్చి మల్లె పాతాడు. ఊరంతా నవ్వింది. రెండేళ్ళు మొగుడూ పెళ్ళాం నేలబావిలోంచి కుండలతో నీళ్ళు పోశారు. మూడో ఏడు, అరవై ఎనిమిది వేసవిలో, తోట విరగబూసింది. చూడటానికి అప్పలసూరి మిగల్లేదు. అంతకు ముందు వానాకాలంలో జ్వరం పట్టి, పదిరోజులైనా తిరక్కుండా పోయాడు. అతని పెళ్ళాం దాలమ్మ తెల్లారగట్ల లేచి మొగ్గలు కోసేది. కోసి అమ్మవారి గుడికి కొన్ని, ఇరుగుపొరుగుకి కొన్ని పంపేది. మిగిలినవి సాయంత్రానికి గంపలోనే విచ్చుకుని, పొద్దుటికి ఎర్రబడిపోయేవి.

కూర్మయ్య చెడ్డవాడు కాదు. తమ్ముడు పోయిన నాటి నుంచి ఆమె ఇంటికి గింజలు కొలిచింది అతనే. ఒకరోజు గట్టు మీద నిలబడి ఉన్నమాట చెప్పాడు.

“పువ్వుని నేను కాదన్ను దాలమ్మా. పువ్వు తింతామేటి? మన ఊళ్ళో ఎవులు కొంతారు? ఇజీనారంలో ఆళ్ళ తోటలు ఆళ్ళకున్నాయి. ఒక్కపాలి ఇశాపట్నం బజారుకి అట్టుకెళ్ళి సూపించు. ఏ దుకానమోడైనా రోజూ పంపమంతే నేను తోట జోలికి రాను. వద్దంతే మొక్కలు తీయించేసి గోగు సల్లేస్తాను. తరవాత ఏడవకూడదు.”

“ఏడవను బావా,” అంది దాలమ్మ.

విశాఖపట్నం ఆమె అంతవరకూ చూడలేదు.

మర్నాడు చీకటుండగానే తోడికోడలిని సాయం పిలిచి, లాంతరు పెట్టుకుని మొగ్గ కోసింది. వెదురుగంప అడుగున అరటిదొప్పలు పరిచి, మొగ్గలు నింపి, తడిగుడ్డ కప్పింది. శ్రీకాకుళం నుంచి వచ్చే మొదటి బస్సు భోగాపురంలో ఆగేసరికి గంప నెత్తిన పెట్టుకుని నిలబడి ఉంది.

కండక్టరు ఉమాపతి తల బయటికి పెట్టాడు. “గంప టాపు మీద ఎట్టు.”

“టాపు మీదెడితే ఉడికిపోతాయి బాబూ.”

“ఉడకడానికి అయ్యేటి, వంకాయలా?”

“మల్లెమొగ్గలు. నీకు పున్నెముంటాది. ఒళ్ళో ఎట్టుకు కూకుంతాను.”

“ఇంత గంప ఒళ్ళో ఎట్టుకుంతే నువ్వెక్కడ అవుపిస్తావు? టికెట్టు గంపకి కొట్టాలా నీకు కొట్టాలా?” అని విసుక్కున్నాడు గానీ, తనే గంప అందుకుని వెనక సీటు ముందు ఖాళీలో పెట్టాడు.

బస్సు కదిలింది. పది నిమిషాలు గడవక ముందే వాసన డ్రైవరు దాకా వెళ్ళింది. అంతవరకూ ఒకరి భుజం మీద ఒకరు తూగుతున్న ఆడవాళ్ళు మెడలు తిప్పారు.

“మల్లెలేటమ్మా? నాలుగిద్దూ,” అంది ముందు సీటులో చంటిపిల్లతల్లి.

దాలమ్మకి రెండు ఆచారాలు తెలుసు. ముత్తయిదువ నోరు తెరిచి పువ్వు అడిగితే లేదనకూడదు. మొగుడు పోయిన మనిషి తన చేత్తో ముత్తయిదువకి పువ్వు ఇవ్వకూడదు. రెండూ చిన్నప్పటి నుంచి విన్నవే. ఒకే గంప మీద రెండూ వచ్చి పడతాయని ఎవరూ చెప్పలేదు. ఆమె కాసేపు తటపటాయించి, తడిగుడ్డ పక్కకి తీసింది.

“నా సేత్తో నేనియ్యకూడదమ్మా. నువ్వే తీసుకో.”

చంటిపిల్లతల్లి నాలుగే తీసుకుంది. ఆమె పక్కనున్నామె నాలుగు అనుకుని గుప్పెడు తీసింది. తీసుకోమన్నాక ఎవరికి వారు తీసుకోవడమే కదా. కిటికీ పక్క నుంచి చేతులొచ్చాయి, సీట్ల మీదుగా చేతులొచ్చాయి. శ్రీకాకుళం కోమట్ల ఆడమనిషి సుభద్రమ్మ అయితే ఇద్దరు కూర్చునే సీటులోంచి శ్రమపడి లేచి, కొంగు పట్టి మరీ వచ్చింది.

“నాకు ముగ్గురు కోడళ్ళమ్మా. ఒకర్తికిచ్చి ఒకర్తికి ఇవ్వకపోతే ఇల్లు సంతయిపోతాది,” అని రెండు దోసిళ్ళు కొంగులో పోసుకుంది. “సల్లగా ఉండు తల్లీ. ఇలాటి మొగ్గ మా ఊళ్ళో కూడా సూళ్ళేదు.”

దాలమ్మ వద్దనలేకపోయింది. తగరపువలసలో మరికొందరు ఎక్కారు. వాళ్ళకీ వాసన తగిలింది. అంచుదాకా ఉన్న గంప చూస్తుండగానే జానెడు దిగింది. బజారులో ఎవరైనా ఈ సగం గంప చూసి ‘తోట ఇంతేనా?’ అంటే ఏం చెప్పాలో ఆమెకి తోచలేదు. గుడ్డ కప్పి, దాని మీద రెండు చేతులూ పెట్టుకుని కూర్చుంది.

నది వంతెన దాటి కొంత దూరం పోయాక ఇంజను దగ్గర టప్‌మని చప్పుడైంది. ముందు నుంచి ఆవిరి లేచింది. ఫ్యాను బెల్టు తెగిపోయింది. ఎదురుగా వస్తున్న సాలూరు లారీని ఆపి, క్లీనర్ని ఎక్కించి, కొత్త బెల్టు కోసం తగరపువలస పంపారు. వెనక వచ్చిన బస్సు ఆగింది గానీ అందులో కాలు పెట్టే చోటు లేదు. జనమంతా దిగి, రోడ్డు వార తాటిచెట్ల కింద చేరారు.

ఎండ ఎక్కుతోంది. దాలమ్మ గంపతో పాటు తాటి నీడ జరిగినప్పుడల్లా జరుగుతోంది. కండక్టరు రేకు డబ్బాతో ఇంజనుకి నీళ్ళు తెస్తుంటే అడిగి, గుడ్డ తడుపుకుంది.

“ఇలా ఎన్నిసార్లు తడిపితే ఏం లాభం?” అంది సుభద్రమ్మ, వక్కలు నములుతూ. “మనం ఎళ్ళీసరికి మద్దినేళ దాటిపోతాది. విడి మొగ్గ కొనీది పొద్దుట పూటే. కట్టీవోలు కొనుక్కెళిపోయి ఈపాటికి దండలు గుచ్చుతుంతారు. మద్దినేళ మొగ్గ అట్టుకెళ్తే మొహం కూడా సూడరు.”

మామూలు మాటలాగే చెప్పిందామె. వ్యాపారస్తుల ఇంటి మనిషికి బజారు సంగతి తెలియకుండా ఉండదు. కానీ దాలమ్మ చేతిలోని తడిగుడ్డ అలాగే ఆగిపోయింది.

ఆమె ఏడవలేదు. గంపకి అవతల పక్క కూర్చున్న కాంతం మాత్రం ఆ మొహం చూసింది. కాంతం పొందూరు ముసలమ్మ. పట్నంలో ఖద్దరు కొట్టుకి వడికి చుట్టిన నూలు చిలపలు గుడ్డ సంచీలో పట్టుకెళ్తోంది. పొద్దుటి నుంచి పువ్వు అడగనిది ఆవిడొక్కర్తే.

“ఏటమ్మా, అలగైపోనావు?”

దాలమ్మ చెప్పింది. తోట సంగతి, కుండలతో నీళ్ళ సంగతి, వసారాలో గోగు మూట సంగతి అన్నీ చెప్పింది. గొంతు తగ్గించే చెప్పింది గానీ, చెట్ల కింద ఉన్నవాళ్ళందరూ మాటలు ఆపి విన్నారు.

సుభద్రమ్మ నోట్లోని వక్క పక్కకి ఉమ్మింది.

“ఆ మాట బస్సులోనే సెప్పొద్దేటే పిల్లా? తీసుకోండి తీసుకోండంతే తేరగా ఒచ్చిన బియ్యంలా తోడుకున్నాం గదా!” అని కొంగు ముడి విప్పి, మొగ్గలన్నీ గంపలో పోసేసింది. “నా కోడళ్ళకి రేపు కొంతాను. ఒక్కపూట బోడిజుట్టుతో ఉంతే కొంప మునిగిపోదు.”

ఆమె పోశాక మిగిలినవాళ్ళూ తెచ్చి పోశారు. చంటిపిల్లతల్లి జడలో తురుముకున్న నాలుగూ తియ్యబోతే సుభద్రమ్మే కసిరింది. “నువ్వుంచుకోవే, పిచ్చిదానా.”

“సర్లే, గంప నిండినాది,” అంది కాంతం. “నిండితే ఏటయినాది? మొగ్గ కొన్రు అంతన్నావు గదా సుభద్రమ్మా. మరి దండ కొంతారా?”

“దండకేటి, సాయంకాలమే కద దాని బేరం!”

కాంతం సంచీలోంచి ఒక చిలప తీసి, దాన్ని చేతులకి తగిలించుకుని, కొస వెతికింది. దారం వెంట్రుకలా ఉంది. నాలుగు పోగులు కలిపి తొడ మీద పేనేసరికి పువ్వుకట్టే దారం తయారైంది.

“కట్టండి మరి. బెల్టొచ్చీదాకా ఏటి సేస్తారు, ఈగలు తోలుకుంతారా?”

ఆడవాళ్ళు చుట్టూ చేరారు. దాలమ్మ వెనక్కి జరిగింది.

“మీరు కట్టండమ్మా. నేను ముట్టుకోను. రేపు ఏ పెళ్ళికూతురు ఎట్టుకుంతాదో ఏటో.”

కాంతం పేనుతున్న చెయ్యి ఆపింది.

“నా మొగుడు పోయి ఎన్నేళ్ళయినాదో నాకే గురుతు నేదు. ఈ సేత్తో వడికిన నూలు పొందూర్లో పెళ్ళిబట్టలకి నేస్తన్నారు. పీటల మీద కట్టుకుంతన్నారు. కాంతం వడికింది, వద్దు అని ఒక్కడన్నాడేటి? కోసింది నువ్వు, నీల్లు పోసింది నువ్వు. ఇప్పుడు సేతులు కట్టుకు కూకుంతావా?”

అప్పుడు సుభద్రమ్మ తన కుడిచెయ్యి చాపింది. గాజులు మోచేతి దాకా జారాయి.

“ఎట్టమ్మా. నా సేతిలో ఎట్టు. జతలు జతలుగా అందించు, నేను కడతాను.”

దాలమ్మ నాలుగు మొగ్గలు తీసింది. తొడిమలు ఒక పక్కకి సర్దింది. కాసేపు తన చేతిలోనే ఉంచుకుంది. తరవాత ఆ చేతిలో పెట్టింది. సుభద్రమ్మ వాటిని కళ్ళకద్దుకుని, దారం చుట్టి ముడేసింది.

“ఇంకా,” అంది.

ఇక ఆగలేదు. తొమ్మిదిమంది కట్టారు. ఒకామె బిగించి కట్టేది, ఒకామె పల్చగా కట్టేది. నలుగురు అందించారు. ఉమాపతి రేకు డబ్బా అక్కడే పెట్టేసి నీళ్ళు చిలకరిస్తూ నిలబడ్డాడు. “ఇంజనుకి తెచ్చిన నీల్లురా ఉమాపతీ!” అని డ్రైవరు కేకేస్తే, “ఇంజనుకి ఇప్పుడు దాహం నేదు” అన్నాడు. బీడీలు కాల్చుకుంటున్న మగవాళ్ళలో ఒకడు, “ఏటర్రా, బస్సుని పెళ్ళికి కట్టినారా?” అన్నాడు. “కడితే పెళ్ళికొడుకువి నువ్వేలే, తాళి ఇంజనుకి కట్టు!” అంది సుభద్రమ్మ తలెత్తకుండానే. దాలమ్మ నవ్వింది. వానాకాలం తరవాత అదే మొదటిసారి అని అక్కడ ఎవరికీ తెలియదు. ఆమెకి తెలుసు.

బెల్టు వచ్చింది. బస్సు పట్నం చేరేసరికి పొద్దు పడమటికి వాలింది. దండలన్నీ చుట్టలు చుట్టి గంపలో సర్దారు. కట్టగా మిగిలిన మొగ్గలు అడుగున ఉన్నాయి. కాంతం ఖద్దరు కొట్టు దారిలో దిగిపోయింది. “చిలప సంగతి...” అని దాలమ్మ ఏదో అనబోతే, “నోరుమూసుకుని పూలు సూసుకో” అని సంచీ భుజాన వేసుకుని వెళ్ళిపోయింది. సుభద్రమ్మ మాత్రం పూలబజారు దాకా వెంట నడిచింది.

ఉదయపు సందడి అయిపోయి బజారు నేలంతా ఆకులతో, తడితో ఉంది. జగన్నాధం అనే దుకాణదారు బల్ల మీద నీళ్ళు జల్లి తుడుచుకుంటున్నాడు. గంప చూడగానే చెయ్యి అడ్డంగా ఊపాడు.

“ఇప్పుడా రావడం? మొగ్గ వద్దు.”

దాలమ్మ గుడ్డ తీసింది. అతను దండ ఒకటి ఎత్తి చూశాడు, ఇంకొకటి ఎత్తాడు. ఒకదానిలా ఒకటి లేదు.

“ఎవులు కట్టినారివి?”

“బస్సు కట్టినాది బాబూ,” అంది దాలమ్మ.

అతనికి అర్థం కాలేదు. సుభద్రమ్మ చెయ్యి తిప్పుకుంటూ బెల్టు తెగిన దగ్గర నుంచి మొదలుపెట్టబోయింది. అతను వినే ఓపిక లేక, గంప అడుగున చెయ్యి పెట్టి విడి మొగ్గ నాలుగు తీసి గోటితో నొక్కాడు. తెల్లారగట్ల కోసిన మొగ్గ అప్పటికీ గట్టిగా ఉంది.

“ఎక్కడిది?”

“భోగాపురం దగ్గర. ఇసక నేల. మా ఇంటాయన ఏసినాడు.”

“దండలు ఇయ్యాలకి ఉంచు, సాయంత్రం ఎళిపోతాయి. రేపట్నుంచి కట్టకు. మొగ్గే పంపు. మొదటి బస్సుకి రావాల, అంతే.”

“రోజూనా బాబూ?”

“పువ్వున్నన్నాళ్ళూ.”

దాలమ్మ తల తిప్పి సుభద్రమ్మ వైపు చూసింది, సరిగ్గానే విన్నానా అన్నట్టు. సుభద్రమ్మ అప్పటికే, రోజూ పంపాలంటే గంప ఎవరు తెస్తారని ఆలోచిస్తోంది. తిరుగు బస్సు దగ్గర ఉమాపతిని పట్టుకుని ఆ పని అప్పజెప్పింది కూడా ఆవిడే. “టాపు మీద మాత్రం ఎట్టకురోయ్, ఉడికిపోతాయి,” అంది. “వంకాయలు కావని నాకు తెలుసులెండి,” అన్నాడు ఉమాపతి.

దాలమ్మ భోగాపురంలో దిగేసరికి కూర్మయ్య రోడ్డు మీదే కాపు కాసి ఉన్నాడు. ఆమె దించిన ఖాళీ గంప చూశాడు. రోజూ పంపమన్నారా అని అడగలేదు. మొహం చూస్తేనే తెలిసింది. గంప తన నెత్తిన పెట్టుకుని ముందు నడిచాడు. మర్నాడు చీకట్లో తోటలో ఇంకో లాంతరు కదులుతుంటే చూసింది దాలమ్మ. మోటు చేతులతో, మొగ్గ నలుగుతుందేమోనని భయపడుతూ, బావ కోస్తున్నాడు. గోగు ఆ ఏడు మెట్టచేలో చల్లాడు.

తోట చాలా ఏళ్ళు ఉంది. దాలమ్మ ఆ తరవాత ఎన్నోసార్లు పట్నం వెళ్ళింది. కాంతం మళ్ళీ ఎక్కడా కనపడలేదు. ఖద్దరు కొట్టులో అడిగితే, పొందూరు నుంచి వచ్చే ముసలమ్మలు చాలామంది, ఏ కాంతం అన్నారు. ఆ మనిషికి ఒక దండ కూడా ఇవ్వలేకపోయానని దాలమ్మ చివరిదాకా అనేది.

ఆమె చనిపోయిన ఏడాది వేసవిలో కూడా, తోట ముందు రోడ్డు మీద ఒక బస్సు ఆగిపోయింది. అప్పటికి ఆమెకి మోకాళ్ళు పట్టేసి, గడప దాటడమే కష్టంగా ఉండేది. చప్పుడు విని, కుండ చంకనెత్తుకుని, కర్ర పట్టుకుని బయల్దేరింది. ఇంట్లోవాళ్ళు కోప్పడ్డారు. ఎవరో కుర్రాళ్ళు చూసుకుంటారు, నీకెందుకన్నారు.

“ఎండలో దిగిపోయి ఉంతారర్రా, ఆడోళ్ళు,” అంది దాలమ్మ. “నీల్లిచ్చేసి ఒచ్చేస్తాను.”

చెట్టు నీడ దాకా కుండ మోసుకెళ్ళి, అందరూ తాగేవరకూ అక్కడే నిలబడింది.