కొత్త ఇంట్లో తిండి మానేసిన పిల్లి

2017 జూన్ 5, సోమవారం నాడు నేను తిరుపతిలోని ఒక పశువైద్యశాలలో చేరాను. హోదా వెటర్నరీ అసిస్టెంట్ సర్జన్. రోజువారీ పిలుపు మాత్రం డాక్టరమ్మే. అంతకు ముందు పంతొమ్మిదేళ్లు పలమనేరు చుట్టుపక్కల పనిచేశాను. అక్కడ నా చేతికి వచ్చినవి దాదాపు అన్నీ పాడి ఆవులు. ఆ పంతొమ్మిదేళ్ల డైరీల్లో పిల్లులు నాలుగే. వాటిలో రెండు కుక్క కరిచినవి.

జూన్ 19న సుగుణమ్మ అనే ఆమె మూతబుట్టలో ఒక పిల్లిని తెచ్చింది. ఆమె ఇంట్లోనే జాకెట్లు కుడుతుంది. భర్త మునిరత్నం లాడ్జిలో గుమాస్తా. ఆషాఢం రాకముందే, జూన్ 15న, వాళ్లు సొంత ఇంట్లో చేరారు. పిల్లి పేరు చిట్టి, వయసు ఏడేళ్లు. పాత అద్దె ఇల్లు రెండో అంతస్తులో ఉండేది కాబట్టి అది ఎన్నడూ వీధిలోకి దిగలేదు.

"గృహప్రవేశం దినం నుంచి ఏమీ తినలా మేడం. అటక మీద పాత్రల ఎనక కూసోనుండాది," అని చెప్పింది.

ముందు తూకం. మా దగ్గరున్నది దూడలను తూచే కాటా. అందులో అరకిలో కంటే చిన్న గీత లేదు. ఎదురుగా ఉన్న కూరగాయల కొట్టు కాటాలో బుట్టతో సహా పెట్టి, బుట్ట బరువు తీసేశాను. నాలుగు కిలోల నూట యాభై గ్రాములు. జ్వరం లేదు. చిగుళ్లు, కడుపు, నోరు అన్నీ బాగానే ఉన్నాయి. బలానికి ఒక సూది వేసి, నాకు తెలిసిన సలహా చెప్పాను. సంతలో కొన్న ఆవు మేత ముట్టకపోతే దాన్ని కొత్త కొట్టమంతా తిప్పి తొట్టి, వాకిలి చూపిస్తాం. అలాగే తలుపులన్నీ తీసి, ఎత్తుకుని ఇల్లంతా చూపించమన్నాను.

మరునాటికి నూట పది గ్రాములు తగ్గింది. చర్మం కిందికి సెలైన్ ఎక్కించాను. 21వ తేదీకి మరో నూట ఇరవై తగ్గింది. ఇల్లంతా చూపించబోతే గోళ్లతో రక్కి మళ్లీ అటకెక్కిందట.

నాకు ఏమీ అర్థం కాలేదు. అర్థమైన సంగతి ఒక్కటే. పిల్లి రోజుల తరబడి తినకుంటే ఒంట్లోని కొవ్వు కాలేయానికి చేరుతుంది. ఆ తర్వాత అది తినాలనుకున్నా తినలేదు. అప్పటికి ఆరు రోజులు దాటాయి. మరునాటికీ తినకపోతే ముక్కులోంచి గొట్టం వేసి తిండి పంపాలి. ఆవులకు లెక్కలేనన్నిసార్లు గొట్టం వేశాను గానీ పిల్లికి ఒక్కసారీ వేయలేదు. ఈ సంగతి దాచకుండా సుగుణమ్మకు చెప్పాను.

"ఏడేళ్లు నా మిషను కిందే పెరిగింది మేడం. నేను ఇల్లు కట్టుకున్న పాపానికి అది సావాల్నా?" అని అడిగింది.

ఆ సాయంత్రం ఆసుపత్రి వేళ అయ్యాక వాళ్లింటికి వెళ్లాను. గడప దాటగానే నాకే తుమ్ములు వచ్చాయి. కొత్త రంగు, ఫినాయిలు, సాంబ్రాణి, పసుపు. ఇంట్లో తలా ఒక కారణం చెప్పారు. రంగు వాసన పడలేదని మునిరత్నం. ఆయన తల్లి గంగమ్మ ఆవు పేరు చెప్పింది.

"ఇంట్లోకి ఆవును తోలినాం గదా, దాన్ని సూసి బెదిరింది డాక్టరమ్మా. పేరుకు పులికి మేనత్తంట."

నేను కారణాలన్నీ రాసుకుంటూ పోయాను. ఏడు అయ్యాయి. ఏది అసలుదో తేల్చే పరీక్ష ఒక్కదానికీ లేదు.

అప్పుడు పిల్లి సామాన్లు చూపించమన్నాను. గిన్నె కొత్తది, పరుపు కొత్తది, ఇసుక తొట్టి కొత్తది. పాతవి ఏవని అడిగాను.

"కొత్తింట్లోకి పాత చీపురు, పాత గుడ్డ తేగూడదు గదమ్మా," అంది గంగమ్మ. "దాని తలకు గూడా పసుపునీళ్లు పోసే తెచ్చినాం."

పలమనేరులో రెడ్డెప్ప అనే రైతు గుర్తొచ్చాడు. ఆయన కొన్న ఆవు మూడు రోజులు చేపలేదు, అంటే పొదుగులోకి పాలు దింపలేదు. నేను సూది వేశాను. ఆయన అదే రోజు అమ్మినవాళ్ల ఊరికి వెళ్లి, దాని పాత కొట్టంలోని చెత్త ఒక గోతం తెచ్చి కింద పరిచాడు. ఆవు చేపింది. నేను నవ్వి, డైరీలో 'సూదితో నయం' అని రాసుకున్నాను.

పాత ఇంటి తాళాలు ఇంకా సుగుణమ్మ దగ్గరే ఉన్నాయి. కత్తిరింపు ముక్కలు నింపిన గోతం మీదే పిల్లి ఏడేళ్లూ పడుకునేదట. ఆ గోతం, పాత గిన్నె, తొట్టిలోని పాత ఇసుక కొంచెం తెమ్మన్నాను. గంగమ్మ అడ్డుపడింది.

"మీ కొడుకు పాత చెప్పులు రాలేదా అత్తా?" అంది కోడలు.

గంగమ్మ కొడుకు కాళ్ల వైపు చూసింది. "ఎనక తలుపున తెండి. ముందు గడప మాత్రం దాటనీను," అంది.

సామాన్ల గదిలో కుట్టుమిషను పెట్టించి, దాని కింద గోతం వేయించాను. పిల్లిని ఆ గదిలో వదిలి తలుపు మూయించాను. సూదులు ఆపేశాను. పిలవొద్దు, ఎత్తుకోవద్దు, రోజులాగే కుట్టుకో అని సుగుణమ్మకు చెప్పాను.

మర్నాడు ఉదయం ఏడు పదికి ఫోను వచ్చింది. చేప ముక్క సగం తిని, గోతం మీద పడుకుందట. 26న తూచితే మూడు కిలోల తొమ్మిది వందల ఎనభై. జూలై ఒకటిన తలుపు తెరిపించాను. మిగతా గదులను అదే ఒక్కొక్కటిగా, ఎనిమిది రోజుల్లో చూసుకుంది.

ఏది పనిచేసింది? గోతమా, మూసిన గదా, మిషను చప్పుడా, నేను సూది ఆపడమా? నాలుగూ ఒకే సాయంత్రం చేశాను కాబట్టి చెప్పలేను. ఆ వారంలో రంగు వాసనా తగ్గింది. ఆగస్టు తనిఖీలో పై అధికారి కేసుల పుస్తకం చూసి, రోగం పేరు రాసే గడి ఖాళీగా ఎందుకుందని అడిగారు. ఆయన ముందే 'నిర్ధారణ కాలేదు' అని రాశాను. రోగమే తెలియనప్పుడు పక్క గడిలో 'నయమైంది' అని ఎలా రాశావన్నారు. రెండూ నిజమేనండి అన్నాను. ఆయన సంతకం పెట్టారు.

ఆ తర్వాత పదవీ విరమణ దాకా, ఇంట్లో పెరిగే జంతువు ఏది వచ్చినా థర్మామీటరు తీయకముందే ఒక ప్రశ్న అడిగేదాన్ని: గత పదిహేను రోజుల్లో ఇంట్లో ఏం మారింది? ప్రాణానికి గండం లేనప్పుడు ఒక రోజుకు ఒక్క మార్పే చేయించేదాన్ని. ఆ తనిఖీ జరిగిన రోజు రాత్రే పలమనేరు డైరీ తీసి రెడ్డెప్ప ఆవు దగ్గర 'సూదితో నయం' అన్న మాట చూశాను. దాన్ని కొట్టేయడానికీ నా దగ్గర రుజువు లేదు. పక్కన ప్రశ్నార్థకం పెట్టి, ఆ రోజు తేదీ వేశాను.