పారిపోనన్న పిల్ల

బ్యాంకు బదిలీ మీద గుంటూరు నుంచి కోల్‌కతా వచ్చి మూడేళ్లయినా నా బెంగాలీ చేపల బజారు దాటలేదు. అలాంటిదాన్ని, ఓడరేవు పక్కన గార్డెన్ రీచ్‌లో ఉండే మన తెలుగు ఆడపిల్లలకు ఆదివారాలు ధైర్యం నేర్పడానికి బయల్దేరాను. ధైర్యం నా దగ్గర పుష్కలంగా ఉందని, గరిటెతో వడ్డిస్తే చాలని నా నమ్మకం.

ఆ పిల్లల తాతలు శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి కార్పొరేషన్ పనుల్లో కుదురుకున్నవాళ్లు. పిల్లలకు ఇంట్లో తెలుగు, వీధిలో బెంగాలీ, బడిలో హిందీ. ఒక్క వాక్యంలో మూడూ కలిపేస్తారు. "తలెత్తి మాట్లాడండి" అని నేను ఊదరగొడుతుంటే, తలెత్తి ఫ్యాను వంక చూసేవాళ్లు.

వాళ్లలో పదో తరగతి పిల్ల ఒకతె బొత్తిగా నోట్లో నాలుక లేనిది. చేతులు మాత్రం ఊరుకోవు. వాళ్లమ్మ కుట్టుమిషను మొరాయిస్తే విప్పి, నూనె వేసి, మళ్లీ బిగించేసింది. ఓడల ఇంజన్ల చదువు చదవాలని దాని కోరిక. ఆ సంగతి కూడా ఏదో తప్పు ఒప్పుకుంటున్నట్టు నా చెవిలో చెప్పింది. పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్షకు ఉచితంగా శిక్షణ ఇచ్చే చోట ఆడపిల్లలకు ఒక్క సీటు ఉంది. ముగ్గురు పెద్దల ముందు నిలబడి, అదెందుకు కావాలో చెప్పుకోవాలి. సీటు రాకపోతే పది అవగానే బట్టలు కుట్టే కార్ఖానాలో పెట్టేస్తానని వాళ్లమ్మ ముందే తేల్చేసిందట.

"వెళ్తావా?" అని అడిగాను. చున్నీ కొస నములుతూ ఏదో గొణిగింది. నాకు "పారిపోను" అని వినిపించింది.

నా ఆనందానికి పట్టపగ్గాల్లేవు. "శభాష్! విన్నారా, అదీ మాటంటే!" అని చప్పట్లు కొట్టి, అందరిచేతా కొట్టించి, అక్కడికక్కడే దరఖాస్తు నింపించేశాను. పిల్లలు ఒకరినొకరు చూసుకుని కిసుక్కుమన్నారు. సంతోషం కాబోలు అనుకున్నాను. తర్వాత మూడు వారాలూ పెద్దల ముందు చెప్పాల్సిన ప్రసంగం ఒకటి వల్లె వేయించాను. ప్రతిసారీ అదే వరస. "సిద్ధమేనా?" అని నేనంటాను, అది ఆ మాటే గొణుగుతుంది, నేను వీపు తడతాను.

ఆ రోజు రానే వచ్చింది. వాళ్లమ్మ కూడా మాతో వచ్చింది. ఆ శిక్షణ ఇచ్చే చోట వరండాలో బల్ల మీద ముగ్గురం కూర్చున్నాం. పిల్ల మొహంలో నెత్తురు చుక్క లేదు. మళ్లీ అదే మాట గొణిగింది. మెచ్చుకుంటూ నేను చెయ్యి ఎత్తబోతుంటే వాళ్లమ్మ ఇక ఉండబట్టలేకపోయింది.

"ఏటి మేడం గోరూ, ఈ గుంట పార్బో నా, పార్బో నా అంతంటే మీరు మెచ్చుకుంతారేటి? నావొల్ల కాదని కదా!"

"బెంగాలీలోనా?"

"మరేటి!"

ఎద్దు ఈనిందంటే గాటన కట్టెయ్యమనే మనుషుల్ని చూసి ఇన్నాళ్లూ నవ్వాను. సిగ్గుతో చచ్చిపోయాను. వద్దు మొర్రో అంటున్న పిల్లను మూడు వారాలు పొగిడి పొగిడి ఇక్కడిదాకా ఈడ్చుకొచ్చాను.

"తప్పు నాదే తల్లీ. నువ్వు పారిపోను అన్నావనుకున్నాను. వద్దంటే ఇప్పుడే వెళ్లిపోదాం."

పిల్ల నన్ను తేరిపార చూసింది. "పారిపోనా?" అంది. ఇక మొదలైంది నవ్వు. పొట్ట పట్టుకుని, బల్ల మీద ఒరిగి, కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వింది.

"మీరు మొండోరనుకున్నాం మేడమ్! కాదన్నా ఇనరని అందరం అనుకున్నాం!"

అంతలో లోపలి నుంచి పిలుపొచ్చింది. నేను వాళ్లమ్మ వైపు చూశాను, వాళ్లమ్మ పిల్ల వైపు చూసింది.

"వచ్చేం కదా. ఓపాలి సూసొస్తాను" అని కళ్లు తుడుచుకుంటూ, ఇంకా నవ్వుతూనే లోపలికి వెళ్లింది.

పది నిమిషాలకు బయటికొచ్చింది. నేను నేర్పిన ప్రసంగం ఒప్పజెప్పావా అని అడిగాను.

"మర్సిపోయేను. మిషను ఎలాగ బాగు సేసేనో సెప్పేను."

"వాళ్లేమన్నారు?"

"ఈ సీటు ఇంకొకలకి ఇచ్చేస్తే ఏటి సేస్తావన్నారు. అయితే ఆలింటి ఎడ్రసు ఇయ్యండన్నాను. ఆలు సదివీసిన పొస్తకాలు అడిగి తెచ్చుకుంతానన్నాను."

ఇన్ని ఆదివారాల్లో నేను నేర్పినదాంట్లో ఈ మాట ఎక్కడా లేదు. నేర్పాలని నాకు తట్టను కూడా లేదు.

ఫలితం వారం తర్వాత చెబుతామన్నారు. ముగ్గురం బస్సు కోసం నడిచాం. నేను వాగుతూనే ఉన్నాను. స్టాపు దగ్గరికొచ్చాక వాళ్లమ్మ ఆగి, కూతురి భుజం మీద చున్నీ సర్దింది.

"ఒకలింటికెల్లి అడగడం ఏటే? సీటు రాకపోతే రాకపోనీ. పొస్తకాలు నానే కొంతాను."