కాన్పుకు మూడు పళ్ళు

నా మొదటి కాన్పు 1961లో కోహీర్‌లో, పుట్టింట్లో అయింది. అప్పటికి నాకు పంతొమ్మిదేళ్ళు, నోట్లో ముప్పై పళ్ళు. కింది జ్ఞానదంతాలు రెండూ ఇంకా రాలేదు. ఇంత కచ్చితంగా ఎలా చెప్పగలనంటే, ఆ ఏడు నేను వాటిని రోజూ లెక్కపెట్టుకున్నాను.

మా ఇంట్లో బాలింతను మూడు నెలల దాకా వేపపుల్ల ముట్టనిచ్చేవారు కాదు. కాన్పుతో ఒంట్లో కీళ్ళు వదులైనట్టే పళ్ళ కుదుళ్ళూ వదులవుతాయని, పుల్లతో రుద్దితే ఊడి వస్తాయని నమ్మకం. చన్నీళ్ళు పుక్కిలించడం అంతకన్నా తప్పు. దానికి బదులు మిశ్రీ ఇచ్చేవారు. పొగాకును పెనం మీద మాడ్చి నూరిన నల్లపొడి అది. చిటికెడు తీసుకుని వేలితో చిగుళ్ళకు రాసుకుని ఉమ్మేయడమే. అమ్మ ఆరు కాన్పులూ అలాగే గడిపింది. ఆ డబ్బీనే నా చేతిలో పెట్టింది.

మొదటి రోజు తల తిరిగి గోడ పట్టుకున్నాను. వారానికి అలవాటైంది. రెండో నెల చివర ఉమ్మిలో ఎరుపు కనిపించింది. తర్వాత పొద్దున లేచేసరికి దిండు మీద మరకలు. కింది ముందుపన్ను ఒకటి నాలుకతో తోస్తే కదిలింది.

అమ్మకు చెప్తే ఆశ్చర్యపోలేదు.

"బిడ్డ ఊకెనే అస్తదా? పండ్లు తీస్కొనే అస్తది. నువ్వు పుట్టినప్పుడు నాయి రెండు పోయినయి."

"అన్ని కాన్పులకు కలిపి ఎన్ని పోయినయమ్మా?"

"నేనేమన్న లెక్కవెట్టుకున్ననా? నువ్వే జూస్కో," అని నోరు తెరిచింది.

వాకిట్లో వెలుతురుకు తిప్పి లెక్కపెట్టాను. పద్నాలుగు ఉన్నాయి. అంటే పద్దెనిమిది పోయాయి. ఆరు కాన్పులకు పద్దెనిమిది, కాన్పుకు మూడు. అమ్మకు అప్పుడు నలభై రెండేళ్ళు. జొన్నరొట్టెను పప్పులో నానబెట్టుకుని తినేది. చెరుకు ముక్క కొరికి పదేళ్ళయిందనేది.

ఆ లెక్క నన్ను పట్టుకుంది. మా అత్తగారి వైపు ఏ ఇంట్లోనూ నలుగురికి తక్కువ పిల్లలు లేరు. నాలుగు మూళ్ళు పన్నెండు. ముప్పైలోంచి పన్నెండు పోతాయి, అదీ ముందుపన్నుతో మొదలుపెట్టి. ఈ లెక్కంతా అమ్మకూ చెప్పాను.

ఎనభై ఆరో రోజున పాపకు మశూచి టీకా వేయించడానికి అమ్మా నేనూ జహీరాబాద్ దవాఖానకు వెళ్ళాం. నర్సమ్మ నడివయసు మనిషి. పాపను ఊరడిస్తూ నేను నోటికి కొంగు అడ్డం పెట్టుకోవడం చూసింది.

"గా కొంగెందుకు బిడ్డా? పండ్లు నొస్తున్నయా?"

చూపించాను. కిటికీ దగ్గర నిలబెట్టి చిగురు నొక్కింది.

"పండ్లు తోమక ఎన్ని దినాలైంది?"

"ఎనభై ఆరు."

"లెక్కయితె మంచిగనే వెట్టినవు. తోముడే ఇడిసినవు."

అమ్మ అందుకుంది. "బాలింత గద నర్సమ్మా. పుల్ల వెడ్తె ఊడిపోవా?"

"ఎవలు జెప్పిన్రు?"

"మా అత్త."

"ఆమెకెన్ని పండ్లుండె?"

బల్ల మీద కూర్చున్న ఆడవాళ్ళు నవ్వారు.

బిడ్డ పళ్ళు తినదని నర్సమ్మ చెప్పింది. కడుపుతో ఉన్నప్పుడు చిగుళ్ళు కాస్త ఉబ్బుతాయి. వాటి మొదట్లో పాచి పేరుకుంటే రక్తం కారుతుంది, పన్ను పట్టు తప్పుతుంది. పొగాకు పొడి ఇంకా చెరుపు చేస్తుంది. రక్తం వస్తోందని తోమడం మానకూడదు. పుల్ల కొసను కుంచెలా మెత్తగా చేసుకుని, చిగురు నుంచి పన్ను కొసకు మెల్లగా తోమాలి, పొద్దున ఒకసారి, పడుకునే ముందు ఒకసారి. తర్వాత గోరువెచ్చని ఉప్పునీళ్ళు పుక్కిలించాలి. రెండు వారాలకు మళ్ళీ రమ్మంది.

"పన్ను ఉంటదా?" అని అడిగాను.

"చిగురు మానితె నిలవడ్తది. ఫికర్ జెయ్యకు."

అమ్మ బస్సు దిగాక అడిగింది.

"ఉడుకు నీళ్ళే అన్నది గద?"

"ఔ, ఉడుకు నీళ్ళే."

"అయితె సరె. సల్లనీళ్ళు మాత్రం ముట్టకు."

చన్నీళ్ళ నియమం చెడలేదు కనుక వేపపుల్లకు ఒప్పుకుంది.

రక్తం వచ్చిన రోజున క్యాలెండర్ మీద చుక్క పెట్టాను. మొదటి ఐదు రోజులూ చుక్కలే. మూడో రోజు ఎక్కువైతే అమ్మ నా చేతిలోంచి పుల్ల లాక్కోబోయింది. ఆరో రోజు ఖాళీ. ఏడు, ఎనిమిది మళ్ళీ చుక్కలు. తొమ్మిది నుంచి అన్నీ ఖాళీలే. పదమూడో రోజు పన్నును నాలుకతో తోశాను. కదల్లేదు. నమ్మకం చాలక వేలితో తోశాను. కదల్లేదు. మర్నాడు నర్సమ్మ నొక్కి చూసి, "ఇగ రొట్టె కొరుక్కొని తిను," అంది.

అమ్మ మాత్రం మిశ్రీ మానలేదు. ఉన్న పద్నాలుగింటి కోసం ఇప్పుడెక్కడ మానేదనేది. తర్వాత అవి పదమూడయ్యాయి.

1964లో రెండో కాన్పుకు మళ్ళీ కోహీర్ వెళ్ళాను. మూడో రోజు పొద్దున మంచం పక్కన చెంబులో వేడినీళ్ళు, గిన్నెలో ఉప్పు, కొస మెత్తబడిన వేపపుల్ల కనిపించాయి. పుల్ల నమిలేంత గట్టి పళ్ళు అమ్మకు లేవు. రాయితో దంచి తెచ్చింది. నలభై రోజులూ అలాగే తెచ్చింది.

నలభయ్యో రోజు తలంటు అయ్యాక నన్ను వాకిట్లో వెలుతురుకు తిప్పి, "నోరు తెరువు," అంది. వేలు పెట్టి ఒక్కొక్కటీ లెక్కపెట్టింది. కింది వరసలో చివరి పళ్ళ దగ్గర ఆగి మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టింది.

"ముప్పై రెండు," అంది. "ఇదేందే, మూడు పోవాలె గద? రెండు ఎక్వనే ఉన్నయి."