పద్నాలుగో లూయీకి మొక్కు

ఇది రాజులు, కోటలు, విప్లవాలు, సముద్రాలు దాటిన ఒక వీరుడు ఉన్న మహాగాథ. అంటే, అలా రాద్దామనే కూర్చున్నాను. నిజానికి కెనడాలోని గ్వెల్ఫ్‌లో ఒక బేస్‌మెంట్‌లో, బట్టలు ఆరబెట్టే మిషన్ పక్కన కూర్చుని నేను ఫ్రెంచ్ నేర్చుకున్న కథ ఇది. (వీరుడు సముద్రం దాటింది విమానంలో, మధ్య సీట్లో.) ఆ రోజుల్లో మావాళ్లు ఎదురైతే "తిన్నావా?" అనేవారు కాదు, "స్కోరెంత?" అనేవారు. నా వర్క్ పర్మిట్ అయిపోవస్తోంది, పీఆర్‌కి, అంటే అక్కడే స్థిరపడే అనుమతికి, పాయింట్లు చాలడం లేదు. ఫ్రెంచ్ వస్తే అదనపు పాయింట్లు; ఆ పరీక్ష గట్టెక్కకపోతే పెట్టె సర్దుకోవడమే.

ఉపాయం చెప్పింది నా రూమ్మేట్ వరంగల్ అన్న (అదే పరీక్ష రెండుసార్లు తప్పిన అనుభవజ్ఞుడు). "అరే తమ్మీ, భాషంతా నేర్సుకునేసరికి ముసలోనివైతవ్. ఒక్కటే టాపిక్ గట్టిగ బట్టీ కొట్టు. వాళ్లేం అడిగినా దాని మీదికే తీస్కపో."

"ఏ టాపిక్ అన్నా?"

"వెర్సాయ్ కోట. వాళ్ల రాజును పొగిడితే మార్కులెందుకెయ్యరు?"

పరీక్ష పెట్టేది కెనడావాళ్లని మా ఇద్దరికీ తట్టలేదు. మొదట అదొక వేట బంగళా కావడం, పద్నాలుగో లూయీ దాన్ని మహాభవనం చేయడం, అద్దాల మందిరం, ప్రజల తిరుగుబాటు, రాజు వెళ్లిపోవడం, చివరికి మ్యూజియమై సందర్శకులకు తెరుచుకోవడం... అంతా ఇంటర్‌లో కెమిస్ట్రీ ఎక్కించినట్టే, అర్థంతో పని లేకుండా ఎక్కించాను. పరీక్ష ముందురోజు అన్న, "మొక్కుకోరా" అన్నాడు. "ఎవరికి?" "గాయనకే, లూయీకి. పీఆర్ వస్తే వచ్చి సూస్త అని." ఫోన్లో ఆయన బొమ్మ పెట్టుకుని మొక్కాను. (జుట్టు బాగుంది.)

నార్త్ యార్క్‌లో పరీక్ష. ఎదురుగా కూర్చున్న మేడమ్ అద్దె గది ప్రకటన ఒకటి నా ముందు పెట్టి, "నేను ఇంటి ఓనర్‌ని. వివరాలు అడుగు" అంది ఫ్రెంచ్‌లో. నోరు అప్పటికే వెర్సాయ్ బయల్దేరిపోయింది.

"మేడమ్, ఇది మొదట్లో వేట బంగళానా?"

ఆవిడ మొహంలో ఏ మార్పూ లేదు. "కాదు, గరాజ్."

"అద్దాల మందిరం ఉందా?"

"బాత్రూమ్‌లో ఒక అద్దం ఉంది."

"రాజుగారు ఎందుకు వెళ్లిపోయారు? ప్రజలు తిరగబడ్డారా?"

"లేదు. హీటర్ పనిచేయలేదు."

"ఇప్పుడు సందర్శకులకు అనుమతి ఉందా?"

"శనివారం వచ్చి చూడండి."

పాసయ్యాను. ఏం చూసి మార్కులు వేసిందో ఆవిడకే తెలియాలి. అన్న మాత్రం "లూయీ దేవుడురా!" అని తేల్చేశాడు. పీఆర్ కూడా వచ్చింది. ఆనక ఉద్యోగం, మిస్సిసాగా, ట్రాఫిక్‌లో నాలుగేళ్లు గడిచాయి. మొన్నటికి గానీ మొక్కు తీర్చడానికి వీలు కాలేదు. "సోమారం పో, మంచి రోజు" అని ముహూర్తం పెట్టింది కూడా అన్నే.

వెర్సాయ్ బంగారు గేటు ముందు నిలబడితే, మిషన్ చప్పుడు మించి గొంతెత్తి "వేట బంగళా, వేట బంగళా" అని వల్లెవేసిన బక్కపలచటి కుర్రాడు గుర్తొచ్చాడు. పాపం, చూడని కోటను ఎంత నమ్మాడో! వాడి తరఫున గార్డును ఫ్రెంచ్‌లోనే అడిగాను, లోపలికి దారెటని. ఆయన ఓపిగ్గా చెప్పాడు. కోటకు సోమవారాలు సెలవు. తోట మాత్రం తెరిచే ఉంటుంది.